పురిటి వార్డుకి మిరప తొడిమల బాయిలరు

గుంటూరు జిల్లా ఎండల్లో పుట్టి, ఆ ఎండల్లోనే ముప్పై రెండేళ్లు ఉద్యోగం చేసి, ఒక గదిని వేడి చెయ్యడానికని కమిటీ చేత డబ్బు మంజూరు చేయించిన మొనగాణ్ణి నేను. అంతటితో ఆగితే అందరిలాంటివాణ్ణే. ఆ గదిని వేడి చెయ్యడానికి మిరపకాయ తొడిమలు తగలబెట్టించినవాణ్ణి కూడా నేనే. నాకు ముందు ఆ పని ఎవరూ చెయ్యలేదు. నా తర్వాత ఎవరైనా చేస్తారేమోనన్న భయం కూడా నాకు లేదు.

ఈ మధ్య ఉద్యోగాల్లో చేరిన కుర్రవాళ్లు "మూడు కొటేషన్లు తెప్పించాం, తక్కువది ఖాయం చేశాం" అని గొప్పగా చెబుతుంటే వింటుంటాను. మంచిదే నాయనా. మూడింటికంటే తక్కువలో నాలుగోది తెచ్చినవాడి సంగతి కూడా ఒకసారి వినండి.

ఎనభైల్లో మాట. గుంటూరుకి గంటన్నర బస్సు దూరంలో మా ఊరు. మిర్చి వర్తకులు తలా కొంత వేసుకుని నడిపే ధర్మాసుపత్రి ఒకటి ఉండేది. అందులో కొనుగోళ్ల గుమాస్తాని నేను. ఇంజక్షన్ సూదుల దగ్గర్నుంచి గోడలకి కొట్టే సున్నం దాకా ఆసుపత్రిలోకి ఏ వస్తువు రావాలన్నా నా బేరంలోంచి దాటి రావాలి. మా నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది ఇనప సామాను కొట్టు. చెప్పిన ధరకి వస్తువు కొనుక్కుపోయే మనిషిని చూస్తే మా ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడేవాళ్లు, ఏదో జబ్బు చేసినవాణ్ణి చూసినట్టు. ఆ పెంపకంలో పెరిగినవాణ్ణి కాబట్టి ఆసుపత్రికి వచ్చిన ఏడాదిలోనే దూది ధర తగ్గించాను, డెట్టాలు ధర తగ్గించాను, చివరికి శవపేటికలు చేసే వడ్రంగి దగ్గర కూడా డజను లెక్కన రేటు మాట్లాడబోతే డాక్టరమ్మగారు కసిరారు.

డాక్టరమ్మగారంటే మా కాన్పుల డాక్టరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఎవరి మీద కోపం వచ్చినా ముందు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఆ తుడవడం ఎంతసేపు సాగితే తిట్టు అంత పెద్దదని మాకందరికీ తెలుసు.

ఆవిడ కష్టం ఏమిటంటే, కాన్పు గది అయితే ఉంది గానీ, కాన్పయ్యాక బాలింతల్ని పడుకోబెట్టడానికి చోటు లేదు. వరండాలో చాపలు వేసి పడుకోబెట్టేవాళ్లం. చలికాలం మంచు పొద్దున తొమ్మిదింటి దాకా వరండాలోకి దిగుతూ ఉండేది. ఆ ఏడు డిసెంబరులో పత్తి ఏరే కూలి పిల్ల ఒకత్తె ఎనిమిదో నెలలోనే కని, అక్కడే పడుకుని ఉంది. బిడ్డ నా అరచేతి నుంచి మోచేతి దాకా కూడా లేదు. డాక్టరమ్మగారు ఆ బిడ్డని గింజ తీసిన దూదిలో చుట్టి, తల్లి రొమ్ము మీదే కట్టించి, రోజుకి పదిసార్లు వచ్చి ముట్టుకుని చూసేవారు. "వీడికి వెచ్చదనం కావాలి. మందులతో వచ్చేది కాదు ఇది," అనేవారు.

ఆసుపత్రి వెనకాల పెరట్లో పొడవాటి పెంకుటిల్లు ఒకటి ఖాళీగా పడి ఉంది. ఒకప్పుడు బళ్లు పెట్టుకునే కొట్టం. దానికి గోడలు పెట్టి గచ్చు చేయించారు. దాన్ని బాలింతల వార్డు చెయ్యమని డాక్టరమ్మగారు రెండేళ్లుగా అడుగుతున్నారు. మా కమిటీ ప్రెసిడెంటుగారు మిర్చి వర్తకంలో పండిపోయిన మనిషి. ఆయన దృష్టిలో అది మంచి గోడౌను. ఫిబ్రవరిలో కొత్త పంట వస్తుంది. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, పెట్టుకోవడానికి చోటు చాలక ఊళ్లో కొట్టుకు చస్తారు. అద్దెకిస్తే ఆసుపత్రికి నెలనెలా రాబడి. ఆయన మాటలో అన్యాయమేమీ లేదు. అదే చిక్కు.

కమిటీ మీటింగులో డాక్టరమ్మగారు కళ్లజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. చివరికి ప్రెసిడెంటుగారే దిగొచ్చారు.

"సరేనమ్మా. ఎనిమిది వేలిస్తాం. ఆ గదికి వెచ్చదనమూ, స్నానాలకి వేణ్ణీళ్లూ రెండూ ఏర్పాటు చేసి చూపించండి. నెలాఖరు ఆదివారం వచ్చి చూస్తాం. బాగుంటే వార్డు. లేకపోతే ఒకటో తారీఖున గోడౌనుకి అడ్వాన్సు పుచ్చుకుంటాను."

ఆ మాట అయిపోయిందో లేదో, అందరూ నావైపు చూశారు. నేను అప్పటికే జేబులోంచి పెన్సిలు తీశాను.

వేణ్ణీళ్లంటే బిందె పొయ్యి మీద పెట్టుకోవడం కాదని మీకు తెలియాలి. మా వైపు బాలింతకి పోసే నీళ్ల సంగతి వేరు. మా ఆయమ్మ, బాలింతలకీ బిడ్డలకీ నీళ్లు పోసే ముసలావిడ, ఒక్కొక్కళ్లకి నాలుగేసి బిందెలు పోస్తుంది. నీళ్లు ఒంటిమీద పడితే చర్మం ఎర్రబడాలి, పక్కవాళ్లకి ఆవిరి కొట్టాలి, లేకపోతే ఆవిడ లెక్కలో అది స్నానం కాదు. తర్వాత సాంబ్రాణి. తర్వాత మంచం కింద నిప్పుల కుంపటి. ఈ కుంపటి దగ్గర డాక్టరమ్మగారికీ ఆయమ్మకీ ఏళ్ల తరబడి యుద్ధం. మూసిన గదిలో బొగ్గుల పొగ పిల్లలకి విషం అని ఆవిడ, కుంపటి లేకపోతే తల్లికి వాతం కమ్ముద్దని ఈవిడ.

"కుంపటి లేకుండా గది వెచ్చగా ఉండాలి. పొగ చుక్క లోపలికి రాకూడదు. అదొక్కటే నా షరతు," అన్నారు డాక్టరమ్మగారు నాతో. ఈ షరతు గుర్తుపెట్టుకోవలసినవాణ్ణి నేను. పెన్సిలుతో రాసుకున్నాను కూడా.

కరెంటు గీజర్లూ, హీటర్లూ పెట్టిద్దామా అంటే, అప్పట్లో కరెంటు ఉన్నప్పుడు వోల్టేజీ ఉండేది కాదు, వోల్టేజీ వచ్చేసరికి కరెంటు పోయేది. ఎండతో నీళ్లు కాచే పెట్టెలు అప్పుడప్పుడే వస్తున్నాయి. హైదరాబాదు నుంచి ఒకాయన బ్యాగు నిండా రంగు కాగితాలతో వచ్చి గంటసేపు చెప్పాడు. అంతా విని డాక్టరమ్మగారు, "మబ్బు పట్టిన రోజున కాన్పులు వాయిదా వెయ్యమంటారా?" అని అడిగారు. ఆయన కాఫీ తాగి వెళ్లిపోయాడు.

మిగిలింది బాయిలరు. గుంటూరులో పైపుల సామాను అమ్మే షాపాయన దగ్గర కొత్త బాయిలరు చూశాను. గోడ బయట పెట్టుకోవచ్చు. పైన ట్యాంకులో వేణ్ణీళ్లు. ఆ వేణ్ణీళ్లే ఒక సన్న పైపులో గది నాలుగు గోడల వెంట చుట్టి వెనక్కి వస్తాయి. పైపు వేడికి గది వెచ్చబడుతుంది, పొగ బయటికి పోతుంది, స్నానాలకి కుళాయి తిప్పుకోవడమే. బిగింపుతో కలిపి తొమ్మిది వేల నాలుగు వందలు అన్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు నవ్వాను. రెండోసారి వెళ్లి లేచి నిలబడ్డాను. మూడోసారి మెట్లు దిగాను.

"గురూగారూ, ఆగండి. ఏడు వేల తొమ్మిది వందలు. మా పిల్లల మీద ఒట్టు, ఇందులో నాకు మిగిలేది ఏమీ లేదు," అన్నాడాయన వెనకనుంచి.

మంజూరు ఎనిమిది వేలు, ధర ఏడు వేల తొమ్మిది వందలు. బుద్ధున్నవాడు అక్కడ సంతకం పెడతాడు. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో చెప్పమంటారా? తొమ్మిది వేల నాలుగు వందల వాడు మూడు విడతల్లో ఇంత దిగాడంటే, అసలు దీని ధర ఎంతై ఉంటుంది అనిపించింది. అవతలివాడు ఒప్పుకుంటే మా వంశంలో ఎవరికీ ఆనందం కలగదు, అనుమానం కలుగుతుంది. "ఆలోచించి చెప్తా" అని బస్సెక్కాను.

బస్సు మా ఊళ్లోకి దిగుతుంటే పాత లాడ్జి పడగొడుతున్నారు. బయట దుమ్ములో రాగి బాయిలరు ఒకటి నిలబడి ఉంది. స్నానాలకి వాడినది, నాలుగడుగుల ఎత్తు, కడుపు ఉబ్బిన పెళ్లిపెద్దలా ఉంది. దాని వెనకాల ఏమున్నదో నేను చూడలేదు. లాడ్జి యజమాని మూడు వేల ఐదు వందలన్నాడు. గంటన్నరసేపు మాట్లాడాను. పడగొట్టే కూలీలు పనాపి విన్నారు. పందొమ్మిది వందలకి దించాను. బండి మీద వేసుకుని బజారు మధ్యనుంచి ఊరేగించుకుంటూ వచ్చాను. అంత సంతోషం నా పెళ్లిలో కూడా లేదు. పెళ్లిలో బేరమంతా మా నాన్నే ఆడాడు మరి.

బాయిలరు వచ్చింది, ఇక గదిలో వేణ్ణీళ్ల పైపు చుట్టించాలి. దానికి మూడు వేల పైచిలుకు అన్నాడు వెల్డింగు మేస్త్రి. నేను గది మధ్యలో నిలబడి ఆలోచించాను. బాయిలరు పొగగొట్టం ఎలాగూ ఉంది. దాన్నిండా వేడి పొగ. ఆ వేడంతా ఆకాశానికి దండగ. అదే గొట్టాన్ని గది లోపలినుంచి, గోడ వెంట తిప్పి, అవతలి చివర పెంకుల్లోంచి బయటికి పంపిస్తే? రేకు గొట్టాలకయ్యేది ఆరు వందల నలభై. నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

మేస్త్రి బీడీ పారేసి నావైపు చూశాడు.

"అయ్యా, నీళ్ల పైపు జాయింటు వదిలిందనుకోండి, నీళ్లు కారతయ్. పొగ గొట్టం వదిలితే పొగ కారుద్ది. ఏది కారితే మీకు మంచిదో మీరే చూసుకోండి."

"నువ్వు బిగించు. కారకుండా బిగించడానికే కదా నీకిచ్చేది."

"మీరిచ్చేదానికి ఒక్కో జాయింటుకి ఒకే చుట్టు వస్తది మరి," అన్నాడు. అతని కూలీ ఐదు వందల నుంచి మూడు వందల యాభైకి తగ్గించింది ముందురోజే. ఆ సంగతి అతను మర్చిపోలేదు.

డాక్టరమ్మగారికి పొగగొట్టం సంగతి ఎలా చెప్పానంటారా? "గోడ వెంట వేడి గొట్టం వస్తుందండి" అన్నాను. అబద్ధం కాదు. గొట్టంలో ఏముందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. గంటకో ఆపరేషను చేసే మనిషి. నమ్మారు.

ఇక కట్టెలు. ఊక వాడమని ఆయమ్మ చెప్పింది. ఆవిడ పుట్టిల్లు పొన్నూరు దగ్గర. అక్కడి రైసు మిల్లుల్లో ఊక గుట్టలుగా ఉంటుంది. తీరా వాకబు చేస్తే లారీ బాడుగ ఊక ధరకి రెట్టింపు. దానికంటే దగ్గర్లో, దానికంటే చవకలో, ఇంకోటి ఉండి తీరాలి కదా.

ఉంది. ప్రెసిడెంటుగారి గోడౌనులోనే ఉంది. అక్కడ వందమంది ఆడవాళ్లు పొద్దస్తమానం కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తారు. ఆ తొడిమలు దొడ్లో కొండలా పేరుకుపోతాయి. పారబోయించడానికి ఆయనే ఎదురు డబ్బిస్తాడు.

"అయ్యా, ఆ తొడిమలు మేం పట్టుకుపోతాం," అన్నాను.

"పట్టుకుపో. ఊరికే తీసుకో."

"బండి ఖర్చు మీరు పెట్టుకోవాలి."

ఆయన కాసేపు నా ముఖం చూసి, పడీపడీ నవ్వాడు. "ఊరికే ఇచ్చేదాన్ని ఎదురు డబ్బు పుచ్చుకుని తీసుకుంటావటయ్యా! నువ్వు మా గుమాస్తావి కాబట్టి సరిపోయింది, పోటీ వర్తకుడివైతే మేం దుకాణం కట్టేసుకునేవాళ్లం." ఆ మాటకి నాలుగు రోజులు నేల మీద నడవలేదు నేను.

సరుకు చూడకుండా తెచ్చానా? లేదు. మచ్చు తీశాను. బస్తా విప్పి, పైనుంచి రెండు గుప్పిళ్లు తీసుకుని, బాయిలరు కింద వేసి మండించాను. ఎండిన తొడిమలు, గడ్డిలా భగ్గుమన్నాయి. పొగ లేదు, ఘాటు లేదు. మా నాన్న కొట్లో కందిపప్పు బస్తా పైన మంచి పప్పు పరిచి, అడుగున నూకా పుల్లా కలిపి పెట్టడం నేను స్వయంగా చేసిన పని. ఎవడు మచ్చు అడిగినా పైనుంచే తీసిచ్చేవాణ్ణి. ఆ నేను బస్తా పైనుంచి రెండు గుప్పిళ్లు తీసుకుని తృప్తి పడ్డాను. తగలబెట్టే సరుకే కదా అని గోడౌను మనుషులు తొడిమలతోపాటు ఊడ్చిన దుమ్మూ, విత్తనాలూ, పనికిరాని తాలు కాయలూ అన్నీ అడుగున ఎత్తి పోశారు. వాళ్ల తప్పు లేదు. ఆ దుమ్ము కూడా నేను ఊరికే తీసుకుపోతున్నానని వాళ్ల సంతోషం వాళ్లది.

ఆయమ్మ మాత్రం బస్తాల చుట్టూ ఒకసారి తిరిగి ముక్కు పట్టుకుంది.

"బాబూ, పోపులో ఒక్క మిరక్కాయ మాడితే మా వీధంతా దగ్గుద్ది. నువ్వు బండెడు మాడుస్తానంటున్నావు."

"అవి కాయలు కాదమ్మా, తొడిమలు."

"తొడిమ కాయకి కాక నీకు పుట్టిందా? ఈ మంట నేను ముట్టుకోను. నువ్వే పెట్టుకో."

నెలాఖరు ఆదివారం వచ్చింది. పొద్దున్నే కట్టెపుల్లలతో రాజేశాను. తొమ్మిదయ్యేసరికి గదిలో గొట్టం వేడెక్కి, గోడలు వెచ్చబడి, కొత్త సున్నం వాసన కమ్మగా వస్తోంది. ఎనిమిది మంచాలు వేయించాను. తలుపు సందుల్లోంచి చలి రాకుండా గోనె పట్టాలు మేకులతో బిగించాను. గోడకి థర్మామీటరు తగిలించాను. బాయిలరు దగ్గర వాచ్‌మన్‌ని పెట్టి, "కమిటీ వాళ్లు లోపల ఉన్నంతసేపూ మంట తగ్గిందో, నీ సంగతి చూస్తాను" అని చెప్పాను. మిలిటరీలో చేసొచ్చిన మనిషి. ఆర్డరంటే ఆర్డరే.

కమిటీ ఐదుగురూ వచ్చారు. ముందు ప్రెసిడెంటుగారు, పట్టు కండువా, నెమ్మదిగా నడుస్తూ, ఒక చెయ్యి పొట్ట పక్కన పెట్టుకుని. రెండు నెలల కిందటే ఆయనకి హెర్నియా ఆపరేషనయింది. డాక్టరమ్మగారు కాన్పు గదిలో ఉన్నారు, వస్తానని కబురు పంపారు. నేను అందర్నీ లోపలికి తీసుకెళ్లి, వెచ్చదనం తెలియాలని తలుపు గట్టిగా నెట్టి మూశాను.

"అబ్బో!" అన్నాడు ప్రెసిడెంటుగారు మంచం మీద కూర్చుని కండువా వదులు చేసుకుంటూ. "వెచ్చగా ఉందయ్యోయ్! మా ఇంట్లో కూడా ఇంత హాయిగా లేదు. ఎంతయింది మొత్తం?"

"రెండు వేల ఎనిమిది వందల తొంభై," అన్నాను. అంత నెమ్మదిగా ఆ అంకె పలకడానికి నేను రెండు రోజులు సాధన చేశాను.

"ఎనిమిది వేలిస్తే మూడు వేలు కూడా కాలేదా!" కమిటీ వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకాయన నా భుజం తట్టాడు. నా జీవితంలో అంతకంటే ఎత్తున ఎప్పుడూ నిలబడలేదు. ఒక నిమిషం నిలబడి ఉంటాను.

సరిగ్గా అప్పుడే బయట వాచ్‌మన్‌కి మంట తగ్గినట్టనిపించింది. బస్తా ఎత్తి, అడుగుతో సహా బోర్లించాడు.

ముందు భుజం తట్టినాయన తుమ్మాడు. "జలుబు," అన్నాడు. పక్కాయన తుమ్మాడు. ఆయన జలుబనలేదు. అంతలో గొట్టం జాయింట్లలోంచి, ఒక్కో చుట్టే వేసిన ప్రతి జాయింటులోంచి, సన్నగా, ఎర్రగా, మెల్లగా దిగింది పొగ.

చూడండి, మిర్చి వర్తకులు మామూలు మనుషులు కారు. "మా ముక్కులకి ఘాటు ఆనదు" అని వాళ్లకి గర్వం. ఆ ఐదుగురూ పరువు కోసం ఇరవై క్షణాలు ఓర్చుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారిగా ఐదు గొంతులూ లేచాయి. దగ్గు, తుమ్ము, మధ్యలో "తలుపు! తలుపు!" నేను తలుపు లాగాను. రాదు. తలుపుకి వేయించిన కొత్త రంగు, వేడికి మెత్తబడి, గోనె పట్టాలని కరుచుకుని కూర్చుంది. కళ్లలోంచి ధారలు. ఎవరి కాలు ఎవరు తొక్కుతున్నారో తెలియదు. కోశాధికారిగారు మంచం కింద దూరి, కింద గాలి బాగుందని అందర్నీ పిలుస్తున్నాడు. ప్రెసిడెంటుగారు రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "ఒరేయ్... నా... కుట్లురోయ్!" అని ఒక్కో మాటకి ఒక్కో దగ్గు చొప్పున అరుస్తున్నాడు.

బయటినుంచి ఆయమ్మ భుజంతో తలుపు గుద్దింది. మేం ఆరుగురం ఒకళ్ల మీద ఒకళ్లం పెరట్లో పడ్డాం.

దేవుడి దయవల్ల గాలి రోడ్డు వైపుకి ఉంది. వరండా వైపు పొగ పోలేదు. రోడ్డుకి అవతల మంగలి షాపులో సగం గడ్డం గీసిన మనిషి తుమ్మబోతే, మంగలి కత్తి పైకెత్తి, తనూ తుమ్మి, ఇద్దరూ దండం పెట్టుకుని విడిపోయారు. బస్సు ఒకటి ఆగకుండా వెళ్లిపోయింది. వాచ్‌మన్ మాత్రం తడి తువ్వాలు ముఖానికి కట్టుకుని, ఏడుస్తూ, ఇంకో బస్తా మూతి విప్పుతున్నాడు. మంట తగ్గకూడదు కదా. ఆయమ్మ వెళ్లి రెండు బిందెల నీళ్లు పొయ్యిలో కుమ్మరించి అతణ్ణి డ్యూటీ నుంచి తప్పించింది.

అప్పుడొచ్చారు డాక్టరమ్మగారు. గొట్టం చూశారు. నన్ను చూశారు. కళ్లజోడు తీశారు. ఎంతసేపు తుడిచారో నాకు తెలియదు, నాకు కళ్లు కనబడటం లేదు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. దానికంటే పెద్ద బాధ ఏమిటంటే, వార్డు పోయింది. వరండాలో ఆ కూలి పిల్ల, దూదిలో ఆ బిడ్డ. ఏడు వేల తొమ్మిది వందలకి ఇచ్చిన మనిషిని వదిలి వచ్చింది నేను.

ప్రెసిడెంటుగారు గట్టు మీద కూర్చుని మొహం కడుక్కుని, ఊపిరి కూడదీసుకున్నారు. "ఇంకేం ఉందమ్మా చూడటానికి? రేపు గోడౌనుకి..."

"ఇచ్చెయ్యండి," అన్నారు డాక్టరమ్మగారు. చాలా నెమ్మదిగా. "ఒక్కటి అడుగుతాను. ఇప్పుడు మీరు దగ్గినప్పుడు కుట్ల దగ్గర ఎలా ఉంది?"

ఆయన పొట్ట మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"మీకు ఆపరేషనయి రెండు నెలలు. నా దగ్గర ఆ గోడ అవతల పొట్ట కోసి బిడ్డని తీసినవాళ్లుంటారు, రెండు రోజులవాళ్లు, మూడు రోజులవాళ్లు. ఒక్క బస్తా తొడిమలకే ఇలా అయింది. మీరు వెయ్యి టిక్కీలు తెచ్చి ఇక్కడ పేరుస్తారు. హమాలీలు ఎత్తి దించుతుంటే లేచే కోరు, ఆ మిరప ఘాటు, ఎంతుంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఇవాళ గాలి రోడ్డు వైపుంది. రోజూ అటే ఉండదు. వాళ్లని దగ్గమంటారా?"

ఆయన పెంకుటింటి వైపు చూశాడు, కాన్పు గది గోడ వైపు చూశాడు. మధ్యలో పదడుగులు కూడా లేదు. ఏళ్ల తరబడి ఆ పెరట్లో నడిచిన మనిషే. అప్పుడే మొదటిసారి కొలుస్తున్నట్టు చూశాడు. తర్వాత ఇంకోసారి దగ్గొచ్చింది. "అమ్మా!" అన్నాడు, డాక్టరమ్మగారిని కాదు, కన్నతల్లిని.

"గోడౌను వద్దులే," అన్నాడు చివరికి. "కానీ నువ్వు..." అని నావైపు వేలు చూపించాడు. తర్వాతి మాట తుమ్ములో పోయింది. అందులో ఏముందో కోశాధికారిగారు నాకు తర్వాత చెప్పారు. పదిహేను రోజుల్లో గది సవ్యంగా తయారవ్వాలి, ఎనిమిది వేల పైన పడే ప్రతి రూపాయీ నా జీతంలోంచి.

డాక్టరమ్మగారు నన్ను తిట్టలేదు. గదిలోకి తీసుకెళ్లి, "పొగ చుక్క లోపలికి రాకూడదని మీకు చెప్పాను," అన్నారు. అంతే. అంతసేపు తుడిచిన కళ్లజోడుకి అంత చిన్న మాట. ఆ రోజుకీ ఈ రోజుకీ అంత పెద్ద తిట్టు నేను తినలేదు.

గుంటూరు షాపాయన దగ్గరికి పరిగెత్తాను. ఆ బాయిలరు అమ్ముడుపోయింది, మరోటి రావడానికి రెండు నెలలన్నాడు. "మీరు ఆలోచించి చెప్తానన్నారు కదా," అన్నాడు, నవ్వకుండా. కాబట్టి ఆ లాడ్జి పెళ్లిపెద్దనే బాగుచేసుకోవాలి. నీళ్లు నింపి చూస్తే వెనకాల అడుగున రాగి చివికిపోయి ఉంది. నేను బేరమాడుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి ఉన్న భాగం అది. అతుకు వేయించాను. గొట్టం ఊడదీయించి, పొగని నిటారుగా ఆకాశానికే పంపించాను. గోడల చుట్టూ వేణ్ణీళ్ల పైపు వేయించాను. వెల్డింగు మేస్త్రి ఈసారి ఎంత అడిగితే అంతకి తలూపాను. అతను భయపడ్డాడు. "అయ్యకి ఒంట్లో బాగుందా?" అని ఆయమ్మని అడిగాడట. ప్రతి జాయింటుకీ మూడేసి చుట్లు వేశాడు. ఆయమ్మ తన అన్నగారితో మాట్లాడి పొన్నూరు నుంచి ఊక లారీ తెప్పించింది. ఘాటు వదలడానికి గోడలకి రెండుసార్లు సున్నం కొట్టించాం. రెండోసారి కొడుతున్నప్పుడు కూడా సున్నాలవాడు తుమ్ముతూనే ఉన్నాడు.

పదమూడో రోజున వార్డు తెరిచారు. మొదటి మంచం ఆ కూలి పిల్లది. మధ్యాహ్నం ఆయమ్మ ఆ పిల్లకి నీళ్లు పోసింది. కుళాయి తిప్పగానే ఆవిరి లేచింది. ఆయమ్మ చెయ్యి పెట్టి చూసి, చప్పున లాక్కుని, "ఇదీ నీళ్లంటే!" అంది. స్నానాలకి కట్టిన తడకల గది అవతలినుంచి నాలుగు బిందెల చప్పుడూ విన్నాను. తర్వాత ఆ పిల్ల తల ఆరబెట్టుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. నెల రోజులుగా బిడ్డని రొమ్ముకి కట్టుకుని, పక్కకి కూడా తిరగకుండా పడుకున్న మనిషి, దూది విప్పి వాణ్ణి మంచం మీద పడుకోబెట్టింది. వాడు చలికి ముడుచుకోలేదు. కాళ్లు చాపాడు. చిన్న కాళ్లు, ఇంతే. ఆ పిల్ల చేతులు రెండూ ఖాళీగా గాల్లో పెట్టుకుని, వాటితో ఏం చెయ్యాలో తెలియనట్టు నవ్వింది. డాక్టరమ్మగారు థర్మామీటరు చూడటానికన్నట్టు గోడ వైపు తిరిగారు.

ఆ సాయంత్రం బిల్లు పట్టుకుని ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో పద్దూ పైకి చదివాడు.

"పాత బాయిలరు పందొమ్మిది వందలు. రేకు గొట్టాలు ఆరు వందల నలభై. వాటికి కూలీ మూడు వందల యాభై. అవే గొట్టాలు ఊడదీసినందుకు నూట యాభై. సున్నం రెండుసార్లు, రెండు వందల ఎనభై. నీళ్ల పైపులు మూడు వేల వంద. రాగి అతుకు తొమ్మిది వందలు. నిటారు పొగగొట్టం నాలుగు వందల ఇరవై. ఊక పొయ్యికి ఇనప జల్లెడ ఐదు వందల అరవై. మొత్తం?"

"ఎనిమిది వేల మూడు వందలండి. ఊక ఖర్చు విడిగా రాశాను, అది ఏ బాయిలరైనా తినేదే."

"గుంటూరాయన కొత్తది ఎంతకిస్తానన్నాడు?"

ఆ సంగతి ఆయనకెవరు చెప్పారో నేను అడగలేదు. "ఏడు వేల తొమ్మిది వందలండి, బిగింపుతో కలిపి."

"అంటే నువ్వు ఆదా చేసింది..."

"నాలుగు వందలు ఎక్కువయిందండి."

ఆయన నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు, కుట్ల కోసం. కలం మూత తీసి, "ఎనిమిది వేల పైన మూడు వందలు నీ జీతంలో పట్టాలి. పిల్లలున్నవాడివి. పోనీ, నూట యాభై ఇవ్వు. మిగతాది నేను వేసుకుంటాను," అన్నాడు.

అవతలివాడు తనంతట తను సగానికి దిగాడు. మా నాన్న అక్కడుంటే వంద దగ్గర తెగ్గొట్టేవాడు.

"మూడు వందలేనండి," అన్నాను.

నెలకి ముప్పై చొప్పున పది నెలలు పట్టారు.